సత్రం యజమాని వేషం

మా మావయ్య గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో గుమాస్తా. పామర్రు దగ్గర మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే సత్రం యజమాని వేషం ఎప్పుడూ ఆయనదే. నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని, నిండు గర్భిణిని వెంటబెట్టుకొచ్చిన భర్తతో "రూములు ఖాళీ లేవండీ, ముందుకెళ్లి కనుక్కోండి" అనేవాడు. చర్చంతా గొల్లున నవ్వేది. ఆయనకు పాట రాదు, నలుగురిలో ప్రార్థన చేయమంటే చెమటలు పడతాయి. సంఘంలో ఆయనకంటూ ఉన్నది ఆ ఒక్క వేషమే.

దానికి నేను ఎసరు పెట్టాను.

అప్పుడు భవానీపురంలో ఒక రిటైరైన పాస్టరుగారి దగ్గర గ్రీకు నేర్చుకుంటున్నాను. సువార్తలో యేసు పుట్టిన కథ దగ్గర మన తెలుగులో సత్రం అని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట కతాలుమ. నపుంసక లింగం. విప్పడం అనే క్రియ నుంచి వచ్చింది. బండి విప్పి బరువు దించుకునే చోటు అన్నమాట. దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి చేరదీసిన మంచి సమరయుడి కథలో పూటకూళ్ల ఇంటికి అదే సువార్తలో వేరే మాట ఉంది. యేసు శిష్యులతో చివరి పస్కా పండగ భోజనం చేసిన విడిది గదికి మాత్రం మళ్లీ ఇదే మాట. అంటే ఆ దంపతులు వెళ్లింది సత్రానికి కాదు, బహుశా చుట్టాలింటికి. అక్కడ విడిది గది నిండిపోయింది, అంతే.

నాలుగు గ్రీకు ముక్కలు వచ్చేసరికి నేను నేలమీద నిలవలేదు. రిహార్సల్లో అందరి ముందూ "సత్రమే లేనప్పుడు యజమాని ఎక్కణ్ణుంచి వస్తాడు?" అని ఆ వేషం తీసేయించాను. మావయ్య తాళాలు సంచిలో వేసుకుని, "చదువుకున్నదానివి, నీకు తెలుస్తుందిలేమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది. రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, చుట్టాలిల్లంటున్నావుగా. ఆ ఇంటికో పెద్దాయన ఉండడటే?"

ఎందుకుండడు! ఎగిరి గంతేసి అప్పటికప్పుడు డైలాగు రాసిచ్చాను: "విడిది గది నిండిపోయింది, పశువుల దగ్గర పడుకోండి." నిజం చెప్పాలంటే పాత డైలాగుకంటే ఇదేమంత మేలు కాదు.

నాటకం రోజున పదో తరగతి పిల్ల పొట్టకి దిండు కట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. మావయ్య తలుపు తీశాడు. ఆ పిల్లని చూస్తూ ఉండిపోయాడు. డైలాగు మర్చిపోయాడనుకుని పక్కనుంచి అందించాను. వినిపించుకోలేదు.

"లోపలికి రామ్మా" అన్నాడు. "ఇరుకే. సర్దుకుందాం."

ఆ పిల్ల చేతిలో మూట అందుకుని, పశువుల తొట్టి పక్కన తన కండువా పరిచాడు. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో మా అత్త ముక్కు చీదుకుంది.

తర్వాత కేకు తింటూ, రాసిచ్చింది ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఇన్నేళ్లూ ఆ పిల్లని వీధిలోకి పంపేసి ఇంటికెళ్లేవాణ్ణే" అన్నాడు. "మీరంతా నవ్వుతుంటే నాకూ బాగుందనుకున్నారు."