పునాది లేని గుమ్మం

పొన్నూరు దగ్గర రైసుమిల్లు కట్టడానికి కంప్యూటర్లో ప్లాను వేశాను. ఏ పని తర్వాత ఏ పనో బాణాలతో కలిపి, వానలు పడితే ఏమవుతుందో కూడా వందలసార్లు నడిపించి చూశాను. తీరా సైటుకి వెళ్తే, పునాదులైనా తవ్వని ఖాళీ నేలలో పసుపు పూసిన గుమ్మం కర్రల ఆసరాతో నిలబడి ఉంది.

"ఇదేంటండీ?"

"రేపట్నుంచి మూఢం కదమ్మా! గుమ్మం ఇవాళే ఎత్తేశాం. పునాది నిదానంగా చూసుకుందాం," అన్నాడు మిల్లు యజమాని.

ఒళ్లు మండింది. అక్కడే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, పునాది నుంచి గుమ్మానికి ఉన్న బాణం పక్కనే గుమ్మం నుంచి పునాదికి ఇంకో బాణం గీశాను. కంప్యూటర్ ఒప్పుకోలేదు. పని ఎక్కడ మొదలో దానికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

చుట్టూ అంత ఖాళీ ఉన్నా మేస్త్రీలు గుమ్మంలోంచే తిరుగుతున్నారు. విసుగ్గా లేచి నేనూ గడప తొక్కకుండా దాటాను. దాటాక చూసుకుంటే, చెప్పులు బయటే విప్పేసి వచ్చాను.