ఖాళీ కాయితం కింద నా సంతకం

ఖాకీ బట్ట కనిపిస్తే మా లైన్లో ఆడవాళ్ళు బిందెలు కుళాయి దగ్గరే వదిలేసి లోపలికి పోయేవారు. నేనూ అంతే. మా ఆయన బతికున్నన్నాళ్ళూ "ఠాణా గుమ్మం తొక్కకుండా ముసిలాళ్ళమైపోతే చాలే" అనేవాడు. ఆయన ముసిలాడవకుండానే పోయేడు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టరు కింద పని చేస్తూ ఎత్తుమీంచి పడిపోయేడు. ఠాణా గుమ్మం నేను తొక్కేను. ఎవరూ ఈడ్చుకెళ్ళలేదు. పిలిస్తే, ఉతికిన చీర కట్టుకుని మరీ వెళ్ళేను.

చదువుకున్నదాన్ని కాను. నోటితో చెప్తున్నాను. ముందరిది వెనక్కీ వెనకది ముందుకీ అయితే సర్దుకోండి.

ప్లాంటు కూలీలుండే బస్తీ, క్యాంప్ రెండులో మాది రేకుల ఇల్లు. ఆయన పోయేక పొద్దున్నే ఇడ్లీలేసి గుమ్మం ముందర అమ్ముకునేదాన్ని. ఫస్టు షిఫ్టుకి సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఆగి తినేవారు. మనవాళ్ళు, బీహారువాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు, అందరూను. వాళ్ళతో వాగీ వాగీ నాకు మూడు భాషలూ వచ్చేయి. చదవడం ఒక్కటే రాలేదు.

ఎనభైల్లో మా ఠాణాకి కొత్త ఠాణేదారు వచ్చేడు. సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని స్కూలు మాస్టారిలాగ ఉండేవాడు. ఆదివారం పొద్దున్న ఇద్దరు సిపాయిల చేత నాలుగు ఇనప కుర్చీలు మోయించుకొచ్చి మా కుళాయి పక్కన వేయించేడు. మొహల్లా మీటింగన్నాడు, అంటే బస్తీ మీటింగు. ఒక్క మనిషి కూచోలేదు. ఆయన కుర్చీలు ఖాళీగా వదిలేసి కుళాయి చప్టా మీద తనే కూచున్నాడు.

"ఠాణా మీది. దొంగ వస్తే మీరు నాకు చెప్పాలి. నా సిపాయి తప్పు చేస్తే అది కూడా నాకే చెప్పాలి" అన్నాడు హిందీలో. తరవాత ఎవరు నేర్పేరో గానీ, "బాగున్నారా అమ్మా" అన్నాడు తెలుగులో. ఆడవాళ్ళంతా చీర కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వేరు.

నాలుగో ఆదివారానికి కుర్చీలు చాల్లేదు. లైను చివర సారా కొట్టు గురించి చెప్పేం, వారం తిరక్కుండా ఎత్తించేసేడు. ఆడపిల్లలు స్కూలుకి పోయే దారిలో ఒక సిపాయిని నిలబెట్టేడు. మరి నమ్మకం ఎందుకు కలగదు?

ఠాణాకీ బస్తీకీ మధ్య ఒక కమిటీ వేస్తున్నాను, అందులో ఒక ఆడమనిషి ఉండాలన్నాడు. ఎవరూ ముందుకి రాలేదు. ఆయన నావేపు చూసేడు. నన్ను మాజీ అనేవాడు, హిందీలో అమ్మా అని. "మాజీ, నీకు మూడు భాషలు వచ్చునట. అందరూ నీ ఇంటి ముందుకే వస్తారట. నువ్వుండు."

ఆ రోజు నా పక్కింటి పిల్ల ఎంత నవ్విందో! శ్రీకాకుళం వేపు పిల్ల. చుట్టం కాదు, వరస కలుపుకున్నాం. నేను దాన్ని సెల్లీ అంటే, అది నన్ను అప్పా అనేది. దాని మొగుడు హథ్‌ఖోజ్‌లో చిన్న వర్కుషాపులో లేతు మెషీను మీద పని చేసేవాడు. నన్ను వదినా అనేవాడు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. అటు గరిటె కింద పడితే ఇటు వినిపించేది.

"ఏటప్పా, రేపట్నించి నీ ఇడ్లీ తినాలన్నా ఠాణాలో అర్జీ ఎట్టాలేటి?" అంది.

"నీ నోరుకి ముందు తాళం ఎయ్యాల. అదే నా మొదటి ఆర్డరు."

"దరోగా అప్ప! దండాలు దరోగా అప్పా!"

దరోగా అంటే ఠాణాలో పెద్ద పోలీసు. ఆ పేరు లైనంతా పాకిపోయింది. పైకి కసిరేదాన్ని గానీ లోపల బాగానే ఉండేది. మొగుడు పోయిన ఆడదాన్ని, ఎదురొస్తే పక్కకి తప్పుకునేవారు. ఇప్పుడు ఎదురొచ్చి నమస్తే పెడుతున్నారు.

కమిటీ రిజిస్టర్లో వేలిముద్ర వెయ్యబోతే ఠాణేదారు నా చెయ్యి ఆపేడు. వేలిముద్ర కాదు, సంతకం నేర్చుకురా అన్నాడు. సెల్లి ఐదో క్లాసు చదివింది. అదే నా చెయ్యి పట్టుకుని పలక మీద నా పేరు దిద్దించింది. నా చేతికి వంపు తెలీదు. అక్షరాలు ఒకదానికన్నా ఒకటి పైకెక్కిపోయేవి. "నీ పేరు నిచ్చెనెక్కుతోందప్పా" అని ఏడిపించేది.

ఠాణా పనిలో ఒక పద్ధతుంది. పోలీసులు ఎవరి దగ్గరైనా దొంగసొత్తు పట్టుకుంటే, బస్తీలో ఇద్దరు మంచి మనుషులు దగ్గరుండి చూడాలి. చూసి కాయితం కింద సంతకం చెయ్యాలి. ఆ కాయితాన్ని పంచనామా అంటారు. కమిటీలో ఉన్నాం కాబట్టి నన్నూ, నాతో పాటున్న టీ హోటలాయన్నీ పిలిచేవారు. మొదట్లో నిజంగా వెళ్ళేను, నిజంగా చూసేను. ఒకసారి సైకిలు, ఒకసారి ఇత్తడి బిందెలు. చూసేకే సంతకం పెట్టేను.

పిలుపు ఎప్పుడూ ఇడ్లీల వేళకే వచ్చేది. పొయ్యి మీద గిన్నె వదిలేసి పరిగెత్తేదాన్ని. తిరిగొచ్చేసరికి కింద వాయి మాడిపోయేది. ఒకరోజు ఠాణాలో కాయితాలు రాసే మున్షీ నా మీద జాలిపడ్డాడు. నిజంగా జాలే, ఇప్పటికీ అదే అనుకుంటాను. "మాజీ, ప్రతిసారీ నీకెందుకీ అవస్థ? ఓ అయిదారు కాయితాల మీద సంతకాలు పెట్టి పో. పైన నేను రాసుకుంటాను. టీ హోటలాయన కూడా పెట్టేసేడు" అన్నాడు.

ఎంత మంచివాడో అనుకున్నాను. తెల్ల కాయితాలు బల్ల మీద పరిచేడు. కింద ఎక్కడ పెట్టాలో వేలుతో చూపించేడు. నేను ఒంగుని, నాలిక బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దేను. బాగా రాయాలని చూసుకున్నాను గానీ, పైన ఏమీ లేదేటని చూసుకోలేదు.

ఏడాది తిరక్కుండా ఆ ఠాణేదారుకి బదిలీ అయిపోయింది. దండేసి పంపించేం. కొత్తగా వచ్చినాయన మీటింగులు పెట్టలేదు. కుర్చీలు ఠాణాలోనే ఉండిపోయేయి. నా కాయితాలు కూడా మున్షీ బీరువాలోనే ఉండిపోయేయి. ఆ సంగతి నేను మర్చేపోయేను.

ఒకనాడు సాయంత్రం సెల్లి మొగుడు పనినించి ఇంటికి రాలేదు. హథ్‌ఖోజ్ నించి వస్తూంటే దారిలో పట్టుకున్నారని ఎవరో చెప్పేరు. ఫ్యాక్టరీ రాగితీగ దొంగతనంట. మేమిద్దరం పరిగెత్తేం. ఠాణా గేటు దగ్గరే ఆపేసేరు. నేను కమిటీ మనిషినన్నాను. "ఏ కమిటీ?" అన్నాడు కొత్త సిపాయి.

మర్నాడు దుర్గు కోర్టుకి తీసుకెళ్ళి, అట్నించటే జైలుకి పంపేసేరు. జామీనుకి ఎవరైనా భూమి పట్టావో, పర్మనెంటు ఉద్యోగం కాయితమో చూపించాలన్నారు. మా లైన్లో అవి ఎవరికున్నాయి? ఉన్నవాళ్ళు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలో ఉంటారు, వాళ్ళకి మేం తెలీదు.

సెల్లి ఒక వకీలుని పట్టుకుంది. ఆయన కేసు కాయితాల నకలు తీసి ఇచ్చేడు. అది పట్టుకుని మధ్యాన్నం నా దగ్గరికి వచ్చింది. నేను పప్పు కడుగుతున్నాను. నిలబడే అడిగింది.

"అప్పా, మా మంచం కింద రాగితీగ కట్ట దొరికిందని ఇందులో రాసేరంట. మా ఇంటికి ఆ రోజు పోలీసులొచ్చేరేటి?"

"రానేదే. ఒస్తే నాకు తెలీదేటి? గోడే కదా అడ్డం."

"మరి ఇదెవరిది?"

కాయితం నా ముందర పెట్టింది. కింద టీ హోటలాయన హిందీ సంతకం. దాని పక్కన తెలుగులో, నిచ్చెనెక్కినట్టు, నా పేరు.

నేనేం చేసేనో చెప్పనా? "నాది కాదే" అన్నాను. దేవుడి మీద ఒట్టు, నోట్లోంచి అదే వచ్చింది. అది నా మొహంలోకి చూసింది. కాయితం మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పూటంతా గోడ అవతల చప్పుడు లేదు. మర్నాడు పొద్దున్న పొయ్యి వెలిగించకుండా వెళ్ళి దాని గుమ్మంలో కూచున్నాను.

"నాదేనే. ఖాళీ కాయితాల మీద ఎట్టేను. ఇలగవుద్దని తెలీదే."

"నిన్ననే తెలుసప్పా," అంది. "నేర్పింది నానే కదా."

తిడితే బాగుండును. తిట్టలేదు.

మున్షీ దగ్గరికి వెళ్ళేను. ఆయన కుర్చీ వేసి టీ తెప్పించేడు. "ఇప్పుడు కాదంటే ఇరుక్కునేది నువ్వే మాజీ. కోర్టులో అబద్ధం చెప్పిందని నిన్నే లోపలేస్తారు. అవునని ఒక్క మాట చెప్పి ఇంటికిపో" అన్నాడు. టీ తాగకుండా లేచి వచ్చేసేను. బదిలీ అయిపోయిన ఠాణేదారుకి ఎదురింటి మేస్త్రీ కూతురి చేత హిందీలో ఉత్తరం రాయించేను. జవాబు రాలేదు. అందిందో లేదో కూడా తెలీదు.

వకీలు మాత్రం ధైర్యం చెప్పేడు. "కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్ళింట్లో సోదా జరగలేదు, ఖాళీ కాయితం మీద సంతకం పెట్టేనని చెప్పు." జైలుకి పోతే పోతాననుకున్నాను. చెప్పే మాటలు హిందీలో రుబ్బురోట్లో పొత్రం తిప్పుతూ తిప్పుతూ వల్లించుకునేదాన్ని.

చెప్పనిస్తేనా? కోర్టు తారీకుని పేషీ అంటారు. మొదటి పేషీకి జడ్జీగారు సెలవు. రెండోదానికి వకీళ్ళు సమ్మె. ఇంకోదానికి జైలు నించి అతన్ని తీసుకురావడానికి బండి లేదు. ఒక పేషీకి టీ హోటలాయన్ని మాత్రం పిలిచేరు. ఆయన నావేపు చూడకుండా "చూసేను హుజూర్" అనేసి దిగిపోయేడు. బయటికొచ్చేక చెయ్యి పట్టుకుని అడిగేను, ఏటి చూసేవు భయ్యా అని. "దీదీ, నా హోటలు ఠాణా ఎదురుగా ఉంది. నాకు పిల్లలున్నారు" అన్నాడు. చెయ్యి వదిలేసేను. నా పేరు పిలిచే వేళకి కోర్టు ఎత్తేసేరు.

ప్రతి పేషీకీ సెల్లీ నేనూ ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. పక్కపక్కనే కూచునేవాళ్ళం. అది కిటికీలోంచి చూసేది. జైలు నించి అతన్ని తెచ్చినప్పుడల్లా మనిషి ఇంకాస్త చిక్కిపోయి కనిపించేవాడు. నన్ను చూసి "బాగున్నావా వదినా" అనేవాడు.

ఏడు నెలలైపోయింది. ఆ పేషీకి నా పేరే ముందుందని వకీలు గుమస్తా చెప్పేడు. తలంటుకుని, దేవుడికి దండం పెట్టుకుని బయల్దేరేను. కోర్టు వరండాలో కూచుని మాటలు వల్లించుకుంటున్నాను. వకీలు వచ్చేడు.

"మాజీ, ఇంక నీ గవాహీ, నీ సాక్ష్యం అక్కర్లేదు. అతను నేరం ఒప్పేసుకుంటున్నాడు."

"ఏటొప్పుకుంటాడు బాబూ? సెయ్యనిది ఏటొప్పుకుంటాడు?"

"ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ లోపల ఉన్నదే శిక్ష కింద లెక్కేసి ఇవాళే వదిలేస్తారు. లేకపోతే ఇంకా ఎన్ని పేషీలో నాకే తెలీదు."

"నానొచ్చేను కదండీ. ఈరోజు నన్ను పిలుస్తారు కదా. సెప్పీస్తానండి, ఒక్క నిమిషం..."

ఆయన అప్పటికే లోపలికి వెళ్ళిపోయేడు. నేను సెల్లివేపు తిరిగేను.

"నానే ఒప్పుకోమన్నానప్పా," అంది నేలవేపు చూస్తూ. "ఆ హోటలోడు సూసేననీసినాడు. నువ్వు కాదంటే ఎవుల మాట నమ్ముతారో! నాకు మనిషి ఇంటికి రావాల. అంతే."

లోపల జడ్జీగారు ఏదో అడిగేరు. అతను చేతులు జోడించి "జీ హుజూర్" అన్నాడు. ఇంకోటి అడిగేరు. మళ్ళీ "జీ హుజూర్". అయిపోయింది. ఏడు నెలలు తిరిగినదాన్ని, కోర్టు లోపల ఒక్కసారైనా నోరు విప్పలేదు.

సాయంత్రం జైలు గేటులోంచి బయటికి వచ్చేడు. చేతిలో బట్టల మూట. నేను రెండు చేతులూ పట్టుకున్నాను. "సెప్పీదాన్ని బాబూ. ఈరోజు సెప్పీదాన్ని."

"తెలుసొదినా," అన్నాడు. "ఆకలేస్తంది. ఏటైనా తిందాం."

నాలుగో రోజున పనికెళ్ళేడు. మధ్యాన్నానికే తిరిగి వచ్చేసేడు. గోడ అవతల నించి వాళ్ళిద్దరి మాటలూ వినిపించేయి, నేరం ఒప్పుకున్నవాడికి పని లేదన్నారట. ఇంక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. హథ్‌ఖోజ్ వెళ్ళేను. ఆ వర్కుషాపు యజమాని పెద్దాయన, నా ఇడ్లీలు తిన్నవాడే. కోర్టులో చెబుదామని ఏడు నెలలు వల్లించిన మాటలన్నీ ఒక్కటి పొల్లుపోకుండా ఆయన ముందర చెప్పేను. రాగితీగ లేదు, సోదా లేదు, ఖాళీ కాయితం, నా సంతకం.

ఆయన చివరిదాకా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, దొంగతనం చేసేనని జడ్జీ ముందర అతనే చెప్పేడు. కాదని చెప్పడానికి నువ్వెవరు?"

లోపల లేతు మీద అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. బయటికొచ్చి క్యాంప్ దాకా నడిచేను. సెల్లి గుమ్మంలో కూచుని ఉంటుందని తెలుసు. దాని ముందరనించి పోలేక, ఆ రోజు వెనక సందులోంచి ఇంట్లోకి వెళ్ళేను.