కాళ్ళకేమీ వేసుకోను

ఆ రోజుల్లో నాకు జర్మన్ కంటే కోపం ముందు వచ్చేది. ఇప్పుడు కూడా పెద్ద తేడా లేదనుకోండి, కాకపోతే ఇప్పుడు రెండూ కలిసే వస్తాయి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, నాన్న ఉద్యోగం పుణ్యమా అని, మేం కరీంనగర్ నుంచి వచ్చి జర్మనీలోని ఆకెన్‌లో పడ్డాం. నాన్న రోజూ రైలెక్కి డ్యూసెల్‌డార్ఫ్ ఆఫీసుకు వెళ్ళేవాడు, అమ్మ సాయంత్రాలు జర్మన్ క్లాసుకు వెళ్ళేది, నేను మూడో తరగతిలో కూచుని అందరి పెదాల వంకా చూస్తూ ఉండేదాన్ని. అలా చూసీ చూసీ నేర్చుకున్న మొట్టమొదటి మాట ‘ఆన్‌త్సీయెన్’. అంటే వేసుకోవడం. ఆటకు వదిలే ముందు టీచరు గుమ్మంలో నిలబడి జాకెట్టు ఆన్‌త్సీయెన్, బూట్లు ఆన్‌త్సీయెన్, గ్లవుజులు ఆన్‌త్సీయెన్ అని ఊదరగొట్టేది. ఆ చలికి పిల్లలకు ముందు నేర్పాల్సిన మాట అదే మరి.

మూడో తరగతిలో ఈత కూడా ఒక పాఠమేననీ, లెక్కల్లాగే దాన్నీ ఎగ్గొట్టడానికి లేదనీ తెలిసిన రోజు మా ఇంట్లో రెండు పార్టీలు పుట్టాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈది, మునిగి అడుగున ఉన్న రింగు తీసుకొస్తే సముద్రపు గుర్రం బొమ్మ ఉన్న గుడ్డ బిళ్ళ ఇస్తారని స్కూల్లో చెప్పారు. నాకు ఆ బిళ్ళ కావాలి. (నాన్న దాన్ని నీటిగుర్రం చేసి, “మా బిడ్డకు నీటిగుర్రం బిళ్ళ ఇస్తరట” అని కరీంనగర్ అంతా ఫోన్లు చేశాడు. నీటిగుర్రమంటే హిప్పోపొటమస్ అని ఎవరో చెప్పేసరికి ఆలస్యమైపోయింది.) అమ్మకు మాత్రం బిళ్ళ కంటే నా కాళ్ళు ముఖ్యం. “అంతమందిల కాళ్ళన్నీ కనవడేటట్టు దిగుతవా?” అని ఈతకు వేసుకునే నల్ల లెగ్గింగు ఒకటి కొనుక్కొచ్చింది. అదీ పెరిగే పిల్లనని రెండు సైజులు పెద్దది. వేసుకుని అద్దం ముందు నిలబడితే మోకాళ్ళ దగ్గర ఇంకో రెండు మోకాళ్ళు కనిపించాయి.

నేను వేసుకోనన్నాను. తినడం మానేశాను (ఒక్క పూటే, ఆ పూట ఉప్మా). చివరికి నాన్న మధ్యలోకొచ్చి, “క్లాసుల మిగతా పిల్లలు ఎట్ల పోతే ఇదీ అట్లనే పోనీ” అన్నాడు. అమ్మ దిగొచ్చింది గానీ, ఊరికే రాలేదు. “సరే, పో. కానీ ఆ టీచరు ఒక్కసారన్నా కాళ్ళకు ఏమన్నా ఏస్కొమ్మన్నదా, ఇగ ఈ లెగ్గింగు లేనిదే నువ్వు నీళ్ళల్ల దిగవు. ఒప్పుకున్నట్టేనా?” నేను అరచెయ్యి చాచి అమ్మ చేతిలో కొట్టాను. కాళ్ళకు ఏమైనా వేసుకోమని ఏ ఈత టీచరైనా ఎందుకంటుంది? ఆ పందెం నాదేనని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఈత నేర్పే ఆవిడకు నేను పెట్టుకున్న పేరు ఈలమ్మ. మెడలో ఈల, చేతిలో పొడవాటి కర్ర, ఈతకొలను ఉన్న ఆ గాజుగోడల గది దద్దరిల్లే గొంతు. మొదట్లో గోడ పట్టుకుని నీళ్ళలో బుడగలు ఊదడం, మొహం ముంచడం లాంటివి చేయించింది. అన్నీ చేశాను. తర్వాత కప్పలా కాళ్ళు ఆడించే ఈత మొదలైంది. నేను నీళ్ళ మీద తేలే పలక పట్టుకుని, కాళ్ళు తోచినట్టు కొట్టుకుంటూ పోతున్నానా, ఈలమ్మ గట్టు మీద నా పక్కనే నడుస్తూ కర్ర నా కాళ్ళ వైపు చూపించి అరిచింది. “బైనె ఆన్‌త్సీయెన్!”

బైనె అంటే కాళ్ళు. రాని మాటలు అన్ని ఉండగా ఆ రెండు మాటలే నాకు వచ్చి చచ్చాయి. కాళ్ళకు వేసుకోవాలట! నా పక్కన ఈదుతున్న చుక్కల టోపీ పిల్ల కాళ్ళు ఈవిడకు కనిపించవా? ఆ చివర మగపిల్లల కాళ్ళు కాళ్ళు కావా? మా అమ్మ ఎప్పుడొచ్చి ఈవిడతో మాట్లాడి వెళ్ళింది? “బైనె ఆన్‌త్సీయెన్!” మళ్ళీ అరిచింది. నేను పలక వదిలేసి, ఛాతీ లోతు నీళ్ళలో లేచి నిలబడి, చేతులు కట్టుకుని, నా జీవితంలో మొదటి పూర్తి జర్మన్ వాక్యం చెప్పాను. “నైన్! ఇష్ త్సీయె నిష్ట్స్ ఆన్!”

కాళ్ళకేమీ వేసుకోనని నా ఉద్దేశం. నోట్లోంచి ఊడిపడింది మాత్రం ‘నేను ఒంటికేమీ వేసుకోను’ అని.

గదంతా లేచిన నవ్వు గోడలకు కొట్టుకుని మళ్ళీ మళ్ళీ వచ్చింది. చుక్కల టోపీ నవ్వలేక నీళ్ళు మింగింది. నేను మాత్రం కట్టుకున్న చేతులు విప్పలేదు. ఈలమ్మ నవ్వలేదు, అందుకు ఆవిడకు ఇప్పటికీ దణ్ణం పెడతాను. తడి బండల మీద కూలబడి, రెండు కాళ్ళూ చాపి, మోకాళ్ళు కడుపు దగ్గరికి లాక్కుని, “ఆన్‌త్సీయెన్” అంది. చాపి, మళ్ళీ లాక్కుని, మళ్ళీ అంది. లాక్కోవడమట! చొక్కా వేసుకోవడానికీ, కాళ్ళు లాక్కోవడానికీ ఒకే మాట పెట్టుకున్నారు వీళ్ళు. (మనం చొక్కా వేసుకుంటాం, మాత్ర వేసుకుంటాం, తలుపూ వేసుకుంటాం. అది వేరే సంగతి.) ఆ రోజు నుంచి క్లాసులో నా పేరు ‘నిష్ట్స్ ఆన్’, అంటే ‘ఒంటి మీద ఏమీ లేదు’. ఆ పేరుకు నేను ఒక్కసారి కూడా పలకలేదు. ఇంట్లో ఈ ముచ్చట ఎత్తలేదు కూడా. ఎత్తితే అమ్మ చెవిలో పడేది ‘కాళ్ళు, వేసుకో’ అన్న రెండు మాటలే.

బిళ్ళ పరీక్ష రోజున తల్లిదండ్రులు వచ్చి చూడొచ్చన్నారు. ఆవిరి పట్టిన ఆ గదిలో అమ్మ చలికోటు గుండీలన్నీ పెట్టుకుని, చెప్పుల మీద వాళ్ళిచ్చిన నీలం ప్లాస్టిక్ తొడుగులు చుట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. నేను దూకాను. సగం దాకా బాగానే పోయాను. అక్కడ కాళ్ళు బరువెక్కాయి. ఈలమ్మ ఊరుకుంటుందా? “బైనె ఆన్‌త్సీయెన్!”

అమ్మ జర్మన్ క్లాసులో సరిగ్గా ఆ వారమే బట్టల పాఠం అయింది.

ఆమె దిగ్గున లేచింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి నల్ల లెగ్గింగు బయటికి తీసింది (అన్నాళ్ళూ దాన్ని సంచిలో పెట్టుకునే తిరిగిందా, తల్లీ!). “ఇన్నవా? నేను మొదటికెల్లి ఏం చెప్తున్న? టీచరమ్మనే అంటున్నది కాళ్ళకు ఏస్కొమ్మని! గట్టు పట్టుకో, నేను తొడుగుత!” అంటూ దాన్ని ఊపుకుంటూ గట్టు వెంబడి నడిచింది. గట్టు పట్టుకున్నానంటే బిళ్ళ పోయినట్టే. పట్టుకోకపోతే అమ్మ ఆగేట్టు లేదు.

“ఏస్కొమ్మని కాదే అమ్మా, గుంజుకొమ్మని!” అని అరిచి గుక్కెడు నీళ్ళు మింగాను.

“ఏం గుంజుకొమ్మని?”

“కాళ్ళు!”

“కాళ్ళేంది, గుంజుకొనుడేంది?”

అమ్మ నన్ను ఉత్సాహపరచడానికి జెండా తెచ్చిందనుకుంది ఈలమ్మ. “యా! సూపర్!” అని చప్పట్లు కొట్టింది. “చూసినవా, ఆమె గూడ యా అంటున్నది!” అంది అమ్మ. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఈలమ్మ వినాలని కాదు, అమ్మ చూడాలని, కాళ్ళు కడుపులోకంటా లాక్కుని తన్నాను. లాక్కుని తన్నాను. అవతలి గోడ చేతికి తగిలేదాకా తల తిప్పలేదు. రింగు కోసం మునిగి పైకి తేలేసరికి, గట్టు మీద అమ్మ లెగ్గింగు నడుం రెండు చేతులా విప్పి పట్టుకుని తయారుగా ఉంది.

ఈలమ్మ మళ్ళీ బండల మీద కూచుని, పాపం, అమ్మకు కూడా మోకాళ్ళు లాక్కుని చూపించింది. అమ్మ చాలాసేపు చూసి, “ఒక్క మాటకు రెండు అర్థాలు పెడితే మేమేంగావాలె?” అని తెలుగులోనే నిలదీసింది. తర్వాత నా వైపు తిరిగి, తువ్వాలు కనిపించక, ఆ లెగ్గింగుతోనే నా తల గట్టిగా తుడిచింది. బిళ్ళను నా ఈత సూటు మీద తనే కుట్టింది, దారం ఊడకుండా రెండు వరసలు.

మొన్న అమ్మ డ్యూసెల్‌డార్ఫ్‌లో నా దగ్గరికొస్తే ఇద్దరం ఈతకు వెళ్ళాం. తను ఎప్పటిలా కోటుతో గట్టునే కూచుంది. నేను బట్టలు మార్చుకుని బయటికొచ్చాను, చీలమండల దాకా ఉన్న నల్ల సూటుతో. ఈ మధ్య నీళ్ళు చల్లగా అనిపిస్తున్నాయి. అమ్మ పైనుంచి కిందిదాకా చూసి, “ఎవలు ఏస్కొమ్మన్నరు?” అంది.

“ఎవ్వలు అనలే. అందుకే ఏస్కున్న.”

అమ్మ మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. నేను నీళ్ళలోకి దిగి, కాళ్ళు కడుపు దగ్గరికి లాక్కున్నాను. వెనక నుంచి ఎవరూ అరవలేదు. ఎందుకో కొంచెం వెలితిగా అనిపించింది.