ఇంగ్లండు పటంలో చెరువు

ఎనభైల్లో, నాన్న పోయిన నెలకు, ఆయన దాచుకున్న ఇంగ్లండు ఎస్టేటు పటాన్ని హైదరాబాదు బస్సులో తీసుకెళ్తున్నాను. చేత్తో గీసిన పాత పటం, చుట్టగా చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. కొత్తకోటలో ఎక్కిన గొర్రెలకాపరి తాత ఆ పటం చుట్టను గట్టిగా పట్టుకున్నాడు.

"నక్షానా సారూ? మొన్న గిట్లనే నక్షా తెచ్చి మా ఊరు ప్రాజెక్టుల ముంచిన్రు. గిప్పుడున్న ఊరు గూడ ముంచుతరా?"

బస్సంతా నావైపు తిరిగింది.

"ఇది మన దేశం కాదు, తాతా" అంటూ విప్పి చూపించాను. దొర మేడ, తోట, నీలిరంగు చెరువు.

అతను చెరువు మీద వేలు పెట్టాడు.

"దొర తవ్విచ్చిండా?"

"అవును."

"మరి గీడున్నోళ్లు యాడికి పోయిన్రు?"

అతని వేలి పక్కనే సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో 'పాత ఊరు ఉన్న చోటు' అని ఉంది. ఆ అక్షరాల అందాన్ని నాన్నా నేనూ ఎన్నోసార్లు మెచ్చుకున్నాం. తాతకు చదివి చెప్పలేకపోయాను.