బోర్డు మీద ఖాళీ వరస

ఆ ప్రైవేటు హైస్కూలుకు వందేళ్లు. హాల్లో, ఏటా ఫస్టు వచ్చినవాళ్ల పేర్లు రాసే చెక్కబోర్డుంది. స్టూలెక్కి, ఊపిరి బిగబట్టి, తెల్లపెయింటుతో కొత్త పేరు రాసేది డ్రాయింగు మాస్టారే. రాసేముందు, ఇరవై ఆరేళ్లుగా ఖాళీగా ఉన్న ఒక వరసను గుడ్డతో తుడుస్తారు. తుడిచినప్పుడల్లా పళ్లు కొరుకుతారు. ఆ వరస ఖాళీ పడ్డ ఏడాది ఫస్టు వచ్చింది బడి ఊడ్చే ఆయమ్మ కూతురు. ఆ పేరు బోర్డెక్కితే బడి పరువేం కానన్నారు కమిటీ పెద్దమనుషులు. అప్పుడే ఉద్యోగంలో చేరిన మాస్టారు నోరెత్తలేదు.

ఇప్పుడు శతాబ్ది ఉత్సవాలట. "ఆ ఖాళీలో మా తమ్ముడి పేరు రాసెయ్యండి మాస్టారూ, వాడూ ఆ బ్యాచే," అన్నాడు కరస్పాండెంటు. ఆ తమ్ముడు ఆ ఏడు లెక్కల్లో తప్పాడు. మాస్టారు పెయింటు డబ్బా తీసుకుని స్టూలెక్కారు. అరగంట తర్వాత వచ్చి చూసిన కరస్పాండెంటు ముఖం కందగడ్డయింది. "ఇది ఆయమ్మ కూతురి పేరు కదా."

"అవునండీ. ఆ రోజే రాయాల్సింది, ధైర్యం చాలక ఊరుకున్నాను." మాస్టారు కిందికి దిగి గుడ్డ అతని చేతిలో పెట్టారు. "పెయింటింకా ఆరలేదు. చెరపాలనుంటే మీ చేత్తోనే చెరపండి, ఆవిడ చూస్తుండగా."

హాలు ఊడుస్తున్న ఆయమ్మ అప్పటికే చీపురు ఆపి, బోర్డు వైపే చూస్తోంది.