దారానికి కట్టిన పెన్సిల్

సోషల్ సార్ పోయారు. మొన్న ఆదివారం పొద్దున ప్రార్థన అయి పిల్లలు వరసల్లో క్లాసులకు కదులుతుంటే ఆఫీసు అటెండరు వచ్చి చెప్పాడు. ముందురోజు కడపలో, సొంత ఇంట్లో, మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు పడుకున్నారట. మళ్లీ లేవలేదట. అల్లుడు ఫోన్ చేశాడట. ఇలాంటి మాట విన్నప్పుడు ముందు దుఃఖం రావాలి. నాకు ముందు విసుగొచ్చింది. ఆయన గుర్తు పెట్టి ఉంచిన ప్రశ్న ఒకటి మూడేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. తొందరేం లేదని ఆయనే అన్నారు. ఆ మాట నమ్ముకుని కూర్చున్నాను.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని స్టాఫ్ రూంలో అందరూ నన్నే పట్టుకున్నారు. ఆయనతో అందరికన్నా ఎక్కువ పోట్లాడింది నేనేనని వాళ్ల వాదన. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

మాది గల్ఫ్‌లో, ఫుజైరాలో ఒక చిన్న ఇండియన్ స్కూలు. సెలవు శుక్రవారం, ఆదివారం బడి ఉంటుంది. నేను కంప్యూటర్లు చెబుతాను. 2005లో మా ల్యాబ్‌కు ఇంటర్నెట్ వచ్చింది. ఏడో తరగతి సోషల్‌లో మనం ఉండే ప్రాంతంలోని రకరకాల జనాల గురించి ఒక పాఠం ఉంది. పిల్లల చేత దాన్ని నెట్‌లో వెతికించండి, చివర్లో ఎగ్జిబిషన్ పెడదాం, చైర్మన్ గారు వస్తారు అన్నారు ప్రిన్సిపాల్, ఇక్కడి మాటలో ముదీర్. నేను ఎగిరి గంతేశాను. రెండు పీరియడ్లు, నాలుగు ప్రింట్లు, జిగురు పెట్టి అతికిస్తే ఖలాస్ అనుకున్నాను. సోషల్ సార్ ఆ పాఠాన్ని ఏడాదంతా లాగారు.

ఆయన పద్ధతి ఇదీ. పిల్లలకు తలా ఒక చీటీ. చీటీలో నాలుగు గళ్లు. ఎవరిని అడిగావు, ఏమడిగావు, నెట్ ఏమంది, నెట్ అన్నది చదివి వినిపిస్తే ఆ మనిషి ఏమన్నాడు. మొదటి రెండు గళ్లు నిండితే గానీ నా ల్యాబ్ గడప దాటనిచ్చేవారు కాదు. నాలుగోది నిండితే గానీ చార్టు మీదికి ఎక్కనిచ్చేవారు కాదు. నెట్‌లో కూడా ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు. ఆయన ముందే చూసిపెట్టిన నాలుగు సైట్ల పేర్లు బోర్డు మీద రాసేవారు, వాటితోనే మొదలుపెట్టాలి. ల్యాబ్ తలుపు దగ్గర చెక్‌పోస్టు మనిషిలా కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతి ఒక్కరినీ "పూఛా?" అనేవారు. అడిగావా అని. మా స్కూల్లో మలయాళీ పిల్లలే ఎక్కువ కాబట్టి వాళ్లతో ఆయనది హిందీ. పిల్లలు ఆయనకు పూఛా సార్ అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఆయనకు తెలుసు. పిలిస్తే పలికేవారు కూడా.

పీరియడ్ నలభై నిమిషాలు. లైను కలవడానికే పది పోయేవి. ఒక్కో బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగేది. సగం దిగాక ఈ పేజీ ఇక్కడ చూడకూడదని ఇంకో పేజీ వచ్చి కూర్చునేది. ఇటు నేను ఈ అవస్థలో ఉంటే అటు గుమ్మంలో ఆయన చీటీలు చదువుతూ పిల్లల్ని వెనక్కి పంపేవారు.

"సార్, పీరియడ్ అయిపోతోందండి. యల్లా, తొందరగా లోపలికి పంపండి" అని మొత్తుకునేవాణ్ని.

"పోనీలే సార్. అడక్కుండా నొక్కితే ఏమొస్తాది? ఆ మిషన్‌కి మన వీధిలో ఎవరుండారో ఏం తెలుసు?" అనేవారు తాపీగా.

అన్నట్టు ఆయనకు ఇంకో అలవాటు. సుద్దముక్క పట్టిన వేలితో మానిటర్ మీద గీసి మరీ చూపించేవారు. తుడుచుకునేది నేను.

ఏ మాటకామాటే చెప్పాలి. ఆ చీటీల్లో కొన్ని చదువుతుంటే నాకే నవ్వాగేది కాదు. పఠాన్ల గురించి నెట్‌లో దొరికిన పేజీలో వాళ్లు యుద్ధవీరులనీ, తుపాకీ లేనిదే గడప దాటరనీ ఉంది. మా స్కూలు వెనక టైర్ల కొట్టు పఠాన్‌కు ఒక పిల్లవాడు అది చదివి వినిపించాడు. ఆయన లేచి చేతులు చూపించి, తుపాకీ సినిమాలో చూడ్డమేననీ, తను పట్టేది జాకీ ఒక్కటేననీ రాసుకోమన్నాడు. పక్కూరు కల్బా చేపల మార్కెట్లో ఒక ముసలి అరబ్బు, ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారన్న పేజీ అంతా ఓపికగా విని, ముత్యాలు అవతలి ఒడ్డు వాళ్లవి, మా నాన్న పట్టింది చిన్న చేపలు, ఎండబెట్టి పశువులకు మేత వేసేవాళ్లం అన్నాడట. నాలుగో గడి చాలక పిల్లలు చీటీ వెనక్కి తిప్పి రాసుకొచ్చారు.

ఒకరోజు రెండు జడల మలయాళీ అమ్మాయి చీటీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. ఎవరిని అడిగావు అన్న గడిలో కంప్యూటర్ సార్ అని ఉంది.

"సార్, మీ ఇంట్లో అందరికన్నా ముందు ఈ దేశానికి వచ్చింది ఎవరు?"

ముందు వచ్చింది మా అమ్మ. నాకు ఆరేళ్లప్పుడు నన్నూ అక్కనూ అమ్మమ్మ దగ్గర దింపి, కల్బాలో ఒక అరబ్బు ఇంట్లో పనికి వచ్చింది. పదకొండేళ్లు చేసింది. నేను కాలేజీలో కంప్యూటర్లు చదివింది ఆ కష్టంతోనే. ఇక్కడికొచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పిల్లల తండ్రులు ఇంజినీర్లు, పోర్టు ఆఫీసర్లు. వాళ్ల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మా గోదావరి జిల్లాల వాళ్లే. పనిమనిషి కొడుకు మా పిల్లలకు చదువు చెబుతున్నాడా అని ఒక్కరన్నా అంటారేమోనని భయం. మా స్కూలు బస్సు రోజూ అమ్మ పనిచేసిన ఆ ఇంటి ముందునుంచే వెళ్లేది. తెల్ల గేటు కనిపించగానే అవతలి కిటికీ వైపు తల తిప్పుకునేవాణ్ని.

"నేనే" అన్నాను. ఆ పిల్ల నమ్మకంగా రాసుకుంది.

సాయంత్రానికి ఆ చీటీ సోషల్ సార్ చేతిలో ఉంది. "నేనే" అన్న మాట పక్కన ఆయన పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు పెట్టారు. ఒళ్లు మండిపోయింది.

"ఏంటి సార్ ఇది? నా మాట మీద నమ్మకం లేదా?"

"అదేం లేదు సార్. వేరే గడులు నిండలేదు గదా, మళ్లా అడగల్లని గుర్తు పెట్టుకున్నా, అంతే" అన్నారు. ఆయనకు ఏమన్నా తెలుసో, నిజంగానే గుర్తు కోసం పెట్టారో నాకు అంతుపట్టలేదు. ఇప్పటికీ పట్టలేదు. అన్నిటికన్నా ఇదే నన్ను ఎక్కువ వేధిస్తుంది.

ఎగ్జిబిషన్ ఇంకో వారం ఉందనగా అన్ని చార్టులూ తయారయ్యాయి, ఒక్క తెలుగువాళ్ల చార్టు తప్ప. ఫుజైరాలో తెలుగువాళ్లు అని నెట్‌లో ఎన్నిరకాలుగా వెతికినా ఒక్క పేజీ రాలేదు. పిల్లలు సరిగ్గా అదే రాశారు, నెట్ ఏమీ అనలేదు అని. చైర్మన్ గారు వచ్చే రోజున మనవాళ్ల చార్టే బోడిగా ఉండాలా? నేను ఉండబట్టలేక, ఎక్కడిదో మన రాష్ట్రం టూరిజం పేజీ పట్టుకుని కూచిపూడి బొమ్మ, గోంగూర, గుడి గోపురం, పట్టుచీర రంగుల్లో ప్రింట్ తీసి అతికించాను. చూడ్డానికి పెళ్లిపత్రికలా ముద్దుగా వచ్చింది.

పిల్లలు ఆయన శిష్యులాయె. నేను అటు తిరగ్గానే ఆ కాగితం ఊడదీసి, మా స్కూలు బస్సులో చిన్నపిల్లల్ని ఎక్కించి దించే ఆయా దగ్గరికి పట్టుకుపోయారు. ఆవిడది మా రాజోలు వైపే. మీదే ఊరండి బాబూ అని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా కాకినాడ వైపు అని దాటేసేవాణ్ని. పిల్లలు చదువుతుంటే తెలుగు పిల్లొకతె అర్థం చెప్పింది. ఆయా అంతా విని బొమ్మ వంక చూసి నవ్విందట.

"అయ్ బాబోయ్, ఈవిడెవరో గానీ భలే ఉందండీ. నేను మాత్రం కాదండి. మేం గుడికెళ్లం, చర్చికెళ్తాం. ఈ గెంతులూ అయ్యీ మా ఇంటావంటా లేవండి."

నాలుగో గడిలో పిల్లలు రాశారు: ఆయా కాదంది. సోషల్ సార్ నా కాగితం మడిచి, ఎంతో మర్యాదగా నా బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఆ రోజు వరండాలో ఆయన మీద అరిచాను. నాకన్నా పాతికేళ్లు పెద్దాయన, మధ్యాహ్నం నమాజుకు వెళ్తున్నారు, చేతులింకా తడిగా ఉన్నాయి. అయినా ఆగలేదు. "ఖాళీ చార్టు పెడతారా సార్ చైర్మన్ ముందు? మీకేం, మీరు సీనియర్. ముదీర్ నన్నంటాడు, ల్యాబ్ పెట్టుకుని ఏం చేశావని! మీ చాదస్తంతో నా ప్రాణం తీస్తున్నారు."

ఆయన అంతా విన్నారు. "తప్పు రాసుంటే చెరిపేయొచ్చు సార్. మనిషిని అడక్కుండా రాస్తే ఆ మనిషినే చెరిపేసినట్ల గదా" అని నమాజుకు వెళ్లిపోయారు. వెనక నుంచి ఇంకో రెండు మాటలన్నాను. అవి ఇక్కడ రాయను.

ఎగ్జిబిషన్ రోజు తెలుగువాళ్ల చార్టు ఖాళీగానే వేలాడింది. పైన పేరు, కింద గళ్లు, ఒక మూల నుంచి దారానికి కట్టిన పెన్సిల్. "నెట్‌కు తెలియదు. తెలిసినవాళ్లు మీ భాషలో రాయండి" అని అట్ట ముక్క. చైర్మన్ గారు దాని ముందు ఆగి ఇదేమిటన్నారు. నేను స్తంభం చాటుకు పోయాను. సార్ ఏదో చెప్పారు. చైర్మన్ గారు తల ఊపి సమోసాల వైపు నడిచారు. దానికోసం నేను వారం రోజులు నిద్ర పాడు చేసుకున్నాను!

తల్లిదండ్రులు వచ్చారు, వాళ్లతో డ్రైవర్లు వచ్చారు. నెల్లూరు నుంచి వచ్చిన ఒక టైలర్ ఉర్దూలో రాశాడు. జెబెల్ అలీ నుంచి తమ్ముణ్ని చూడ్డానికొచ్చిన ఒకతను, కరీంనగర్ నుంచి వచ్చానని రాసి, కింద తన బాయి పేరు, అదే బావి పేరు, పొలం పేరు కూడా రాశాడు. ఆయాకు రాయడం రాదు. తను చెబుతుంటే తెలుగు పిల్ల రాసింది. "నా పిల్లలకు ఫోన్‌లో నా గొంతు తెలుసు. మొహం అంత బాగా తెలీదు."

ఆ పిల్ల పైకి చదువుతూ రాస్తోంది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. అమ్మ ఐదేళ్ల తర్వాత మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు, గుమ్మంలో నిలబడ్డ ఆవిడ ఎవరని నేను అమ్మమ్మను అడిగాను. అది గుర్తొచ్చింది. హాల్లోంచి బయటికి వచ్చేసి, బస్సుల వెనక నిలబడి ఏడ్చాను.

సాయంత్రం చార్టులు దించుతుంటే ఆఖరి గడిలో సార్ చేతిరాత కనిపించింది. "కంప్యూటర్ సార్: ఇంకా అడగాలి." కోపంతో చుట్ట చుట్టి ల్యాబ్ బీరువా మీద పడేశాను.

తర్వాత రెండేళ్లు ఆయన ఆ మాట ఎత్తలేదు. అడిగేస్తే బాగుండును. టీ తెచ్చేవారు, మానిటర్ మీద గీసేవారు, పిల్లల్ని గుమ్మంలో ఆపేవారు, ఇది మాత్రం అడిగేవారు కాదు. నిరుడు రిటైరై వెళ్లిపోతూ, సామాను కారులో పెట్టాక వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ చీటీ ఒకటి అట్లే ఉండాది సార్. తొందరేం లేదు."

"మీరు వెళ్లండి సార్, ఫ్లైటు పోతుంది" అన్నాను. ఆయనతో నా ఆఖరి మాట అది.

మొన్న ఆదివారం భోజనాల వేళ ల్యాబ్ తలుపు వేసుకుని బీరువా మీది చుట్ట దించాను. దుమ్ము దులిపి బల్ల మీద పరిచాను. పెన్సిల్ ఇంకా దారానికే ఉంది, ముల్లు విరిగి ఉంది. చెక్కాను. ఆఖరి గడిలో, సార్ రాసిన మాట కింద రాశాను. "మా ఇంట్లో అందరికన్నా ముందు వచ్చింది మా అమ్మ. కల్బాలో ఒక అరబ్బు ఇంట్లో పదకొండేళ్లు పని చేసింది. నన్ను చదివించింది."

అక్కడితో అయిపోలేదు. ఎవరి గురించి రాశామో వాళ్లకు వినిపించాలి. చచ్చినా వదలని రూలు ఆయనది. ఫోన్ చేశాను. అమ్మ మా అక్క టైలరింగ్ కొట్లో ఉంది.

"ఏరా, ఈ వేళప్పుడు చేశావ్? ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉన్నానమ్మా. ఒకటి చదువుతాను. నిజమో కాదో చెప్పు."

చదివాను. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"ఎవరికి రాశావురా ఇది?"

"స్కూల్లో గోడకు పెడతానమ్మా. అందరూ చదువుతారు."

పెట్టొద్దంటుందేమోననుకున్నాను.

"నిజమే గానీ, ఇల్లంటే సరిపోద్దేంట్రా? పిల్లలేరి? నలుగుర్ని పెంచాను. పెద్దోడు హమద్, నేను కలిపి పెడితే తప్ప ముద్ద ముట్టేవోడు కాదు. చిన్నపిల్లకి జొరమొస్తే మూడు రోజులు నా ఒళ్లోంచి దిగలేదు. ఆళ్లని రాయకుండా ఇంకేం రాశావ్? రాసుకో."

నాకు అన్నం కలిపి పెట్టింది అమ్మమ్మ. ఆ మాట అమ్మతో అనలేదు, రాసుకున్నాను. ఒక్కొక్కరి పేరూ, ఎవరికి ఏం ఇష్టమో, ఎవరు ఏ పాటకు నిద్రపోయేవారో అమ్మ చెబుతూనే ఉంది. గడి నిండిపోయింది. అడుగున ఉన్న ఖాళీలోకి దిగాను. దారం అక్కడిదాకా రాలేదు. విప్పబోయి, ఆయన వేసిన ముడి చూసి ఆగాను. చార్టు అడుగు అంచును పైకి మడిచి పెన్సిల్ దగ్గరికి తెచ్చుకున్నాను.

"రాస్తున్నావా?" అంది అమ్మ.

"రాస్తున్నానమ్మా. మెల్లిగా చెప్పు."