బాలమణి గ్లాసును నేను ఉద్ధరించిన వైనం

సమానత్వం కోసం నా జీవితంలో ఒక్కటంటే ఒక్క పోరాటం చేశాను. అందులో అత్తగారూ పనిమనిషీ ఒక్కటై నా మీదికే వచ్చారు. చివరికి ఓ పాత సామాన్ల కొట్టు ముందు, తుప్పు రేకుల మధ్య గొంతుక్కూర్చుని ఏడవాల్సి వచ్చింది. ఎలాగంటారా? చెబుతాను, నవ్వుకోండి.

అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. తణుకు నుంచి కొత్తగా కాపురానికొచ్చి మధురానగర్‌లో ఓ వాటాలో దిగాం. నేనో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. నేను పొద్దున్నే వెళ్లిపోయాక బాలమణి పనికి వచ్చేది. ఇంట్లో మా అత్తయ్య ఉండేవారు.

ఓ ఆదివారం వంటింటి కిటికీలో ఒక స్టీలు గ్లాసు బోర్లించి కనిపించింది. మిగతావన్నీ స్టాండులో ఉంటే ఇదొక్కటే వెలివేసినట్టు అక్కడుంది. నా గుండె కలుక్కుమంది. మా పుట్టింట్లో పెరటి గోడ మీద పనిమనిషికి ఇలాంటి గ్లాసే ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని ముట్టుకుంటే మా నాయనమ్మ చేతులు కడిగించేది. ఆ సిగ్గు నాలో అలాగే ఉండిపోయింది.

తీసి చూస్తే అంచు మీద చుక్కలతో చెక్కిన పేరు: నర్సమ్మ. ఓహో! మాకంటే ముందున్న వాళ్ల పనిమనిషి అన్నమాట. ఆవిడకీ ఇదే, బాలమణికీ ఇదే. మనుషులు మారినా గ్లాసు మారలేదు! చూశారా నా పరిశోధన?

"అత్తయ్యా, బాలమణి టీ తాగేది దీంట్లోనేనా?"

"అవునే. ఏమైంది?"

"ఏమైందా? ఈ కాలంలో కూడా పనిమనిషికి వేరే గ్లాసా?"

"కాస్త నా మాట విను. అది నేను పెట్టింది కాదు..."

"ఎవరు పెడితేనేం? తీసేయాల్సింది మనం!"

నేను పాఠం మొదలుపెడితే క్లాసులో ఎవరూ నోరెత్తకూడదు. ఇంట్లోనూ అదే పద్ధతి. అంటరానితనం దగ్గర ఎత్తుకుని అత్తయ్య మడి దాకా ఏకబిగిన వాయించేశాను. సరిగ్గా అప్పుడే వీధిలో పాత సామాన్ల బండి కేక వినిపించింది. నా ఖర్మ కాకపోతే వాడు ఆ రోజే రావాలా! పరుగున దిగి గ్లాసును బండిలో పడేసి, దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినంత ఠీవిగా మెట్లెక్కాను. అత్తయ్య మూతి ముడుచుకుని టీవీ పెట్టుకున్నారు.

మర్నాడు సెలవు పెట్టి మరీ బాలమణి కోసం కాచుకున్నాను. పెళ్లికి వచ్చిన పూల కప్పులో టీ పోశాను.

"రా బాలమణీ, సోఫాలో కూర్చుని తాగు."

"బట్టలు తడిగున్నయ్ మేడమ్. నా గిలాస యాడుంది?"

"ఇక నీకు ఆ గ్లాసు అక్కర్లేదు. పాత సామాన్లకు ఇచ్చేశాను!" అన్నాను, చప్పట్లు కొడుతుందేమోనని.

బాలమణి చీపురు కింద పడేసింది. "పాత సామాన్లకా? గది మా అమ్మ గిలాస మేడమ్! మా అమ్మ పేరుంది దాని మీద. ఆమె పోయినంక నాకు మిగిలింది గదొక్కటే."

"మరి ఇక్కడెందుకు..."

"పంజగుట్టల ఒగలింట్ల పలిగిన కప్పిచ్చి, ఇగ గిది నీదే, వేరే పెట్టుకో అన్నరు. ఒగలిచ్చేదేంది, నాది నాకుంది అని మా అమ్మ గిలాస తెచ్చుకున్న. మీ అత్తమ్మ నన్ను పక్కన కూసోబెట్టుకుని చాయ్ తాగుతది. అందుకే ఈడ పెట్టిన. గిలాస దొరికితెనే పనికొస్త, లేకుంటె రాను."

కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ టీవీ కట్టేశారు.

"చెప్పుకోనిచ్చావా నన్ను? చెప్పులేసుకో, పద."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో ఓడిపోయి రచ్చకెక్కాను. దుమ్ములో బళ్లవాళ్లందరినీ అడుగుతూ వెళ్తే అమీర్‌పేట సందులో ఓ కొట్టు దొరికింది. లోపల స్టీలు సామాను గుట్ట.

"దేవుకోండ్రి మేడమ్. ఎవలన్న గిలాస కోసం ఏడుస్తరా?" అన్నాడు కొట్టతను.

ఏడుస్తారు మరి. తల్లి గుర్తును చెత్తలో కలిపేశానని నిజంగానే ఏడ్చాను. అత్తయ్య చీర కుచ్చిళ్లు దోపుకుని నా పక్కనే వెతికారు. చివరికి ఓ సొట్ట కుక్కర్ లోపల నర్సమ్మ కనిపించింది. ఊరికే ఇచ్చినదాన్ని బేరమాడి కొనుక్కుని, నేరుగా బాలమణి ఇంటికెళ్లి చేతిలో పెట్టి తప్పయిందన్నాను. ఆమె దాన్ని చెంపకు ఆనించుకుంది.

మర్నాడు నేను క్లాసుకు బయల్దేరకముందే పనికి వచ్చింది. అత్తయ్యా నేనూ కాఫీ తాగుతున్నాం. ధైర్యం చేసి అడిగాను.

"బాలమణీ, ఆ పంజగుట్ట వాళ్ల సంగతి సరే. మా గ్లాసుల్లో తాగడానికి నీకేం అభ్యంతరం?"

ఆమె ముసిముసిగా నవ్వింది. "మీ గిలాసలు తోమేది నేనే గద మేడమ్. ఎట్ల తోముతనో నాకు తెల్వదా?"

అత్తయ్య గుటక మధ్యలో ఆగిపోయింది.

ఆ వాటా వదిలి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ మెట్రోలో అటుగా వెళ్తే ఆ కిటికీ కోసం చూస్తాను, బాలమణి మీద బెంగ కలుగుతుంది. ఆ రోజు కాఫీ గ్లాసు సాక్షిగా చేసిన ప్రతిజ్ఞ మాత్రం తప్పలేదు: ఎవరినైనా ఉద్ధరించే ముందు వాళ్లను ఒక మాట అడుగుతాను, నా గ్లాసు నేనే తోముకుంటాను. మేం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ కిటికీలో బాలమణి గ్లాసు పక్కనే మా అందరి గ్లాసులూ బోర్లించి ఉండేవి.